మూగదొర

మధురలోని తిరుమల నాయకుని మహలును మీలో చాలామంది చూచి ఉంటారు. ఆ మహలును కట్టించిన నాయక రాజుల కాలంలోనూ, అంతకు ముందు విజయనగర రాజుల కాలంలోనూ ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చాయి. మధుర, కోయంబత్తూరు, తిరునెల్వేలి సీమలలో అవి స్థిరపడ్డాయి. కొందరు నల్లరేగడి నేలలలో ప్రత్తి, జొన్న పండించారు. కొందరు మగ్గాలు వేసుకొన్నారు. మరికొందరు పాళెగాళ్ళయి చిన్న చిన్న సీమలను ఏలారు. మధుర రాజ్యాన్ని విశ్వనాథ నాయకుని కాలంలో డెబ్బైరెండు పాళెములుగా విభజించారని చెబుతారు. పాళెంలో పన్ను వసూలు చేయడం, దొంగల బెడద లేకుండా కావలి కాయడం, రాజు పిలిచినప్పుడు సేనతో వెళ్ళడం పాళెగాని బాధ్యతలు.

అటువంటి పాళెములలో పాంచాలంకురిచి ఒకటి. ఇది నేటి తూత్తుకుడి జిల్లాలో, ఒట్టపిడారం ఊరికి చేరువలో ఉన్నది. దానిని ఏలినవారు రాజకంబళం నాయకులు. వారి ఇంటి భాష తెలుగు. వారు కొలిచిన దేవత జక్కమ్మ. గెట్టిబొమ్ము అనే వారి వంశనామమే తమిళుల నోట కట్టబొమ్మనగా మారిందని పెద్దలు చెబుతారు. కంపెనీవారిని ఎదిరించి ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మన పేరు మీరు వినే ఉంటారు. అతని కథను పాటలుగా పాడారు, నాటకాలుగా ఆడారు, 1959లో చలనచిత్రంగా కూడా తీశారు. ఈ పాఠం మాత్రం అతని తమ్ముని గురించి.

తమ్ముని పేరు కుమారస్వామి. అతనికి మాట సరిగా రాదు. అందువల్ల జనం అతనిని ఊమైత్తురై అని పిలిచారు. తెలుగులో చెప్పాలంటే మూగదొర. ఒక మనిషిని అతని లోపం పేరుతో పిలవడం మామూలుగా మర్యాద కాదు. అయితే ఈ పేరును జనం ఎగతాళికి పెట్టలేదు. దొర అనే మాటలో ఉన్న గౌరవమంతా అందులో ఉన్నది. క్రమంగా అసలు పేరు మరుగున పడి ఈ పేరే మిగిలింది.

ఆయనను గురించి మనకు తెలిసిన విషయాలలో చాలా భాగం ఆయన శత్రువు వ్రాసి పెట్టినవే. జేమ్స్ వెల్ష్ అనే ఆంగ్ల సైనికాధికారి ఆ యుద్ధంలో స్వయంగా పాల్గొన్నాడు. తరువాత 1830లో తన జ్ఞాపకాలను పుస్తకంగా ప్రచురించాడు. ఆ పుస్తకం ప్రకారం మూగదొర పొడగరి, సన్నని మనిషి, చూడడానికి రోగిష్ఠివలె ఉండేవాడు. కాని అతడు చిన్న సైగ చేస్తే చాలు, దానిని నెరవేర్చడానికి జనం పరుగులు తీసేవారు. అతడు లేకుండా ఏ ఆలోచనా జరిగేది కాదు. దాడి జరిపే పద్ధతిని ఆయన తన వారికి వివరించే తీరు కూడా వెల్ష్ వర్ణించాడు. ఎడమ అరచేతిలో కొన్ని గడ్డిపరకలు పేర్చేవాడు. అవి ఆంగ్ల సేన. ఏ వేళకు, ఏ దిక్కునుండి పోవాలో సైగలతో చూపేవాడు. ఆపై కుడిచేతితో ఆ పరకలను ఒక్క ఊపున తుడిచివేస్తూ నోటితో ఒక శబ్దం చేసేవాడు. అదే దాడికి ఆజ్ఞ. దాడిలో ముందు నడిచేవాడు కూడా సాధారణంగా ఆయనే.

ఇక అన్న కథను క్లుప్తంగా చెప్పుకొందాం. ఆర్కాటు నవాబు అప్పులలో మునిగి, పాళెగాళ్ళ నుండి కప్పం వసూలు చేసుకొనే అధికారాన్ని 1792లో ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్నాడు. తరతరాలుగా సీమను ఏలినవారు కలెక్టరు ముందు చేతులు కట్టుకొని నిలబడవలసిన రోజులు వచ్చాయి. కప్పం బకాయి విషయమై రామనాథపురం కలెక్టరు జాక్సన్‌కూ కట్టబొమ్మనకూ తగవు వచ్చింది. 1798 సెప్టెంబరులో రామనాథపురంలో జరిగిన సమావేశం ఘర్షణగా మారింది. కట్టబొమ్మన తప్పించుకొన్నాడు గాని అతని మంత్రి సుబ్రహ్మణ్య పిళ్ళై పట్టుబడ్డాడు. ఆ మంత్రిని తరువాత విడిచిపెట్టారు. అయినా వైరం చల్లారలేదు. 1799 సెప్టెంబరులో మేజరు బానర్‌మన్ పాంచాలంకురిచి కోటను ముట్టడించాడు. కోట నిలవలేదు. సుబ్రహ్మణ్య పిళ్ళైను ఉరితీశారు. పుదుక్కోట అడవులలో తలదాచుకొన్న కట్టబొమ్మనను అక్కడి రాజు పట్టి కంపెనీకి అప్పగించాడు. 1799 అక్టోబరు 16న కయత్తారులో, తోటి పాళెగాళ్ళందరూ చూస్తుండగా, ఒక చింతచెట్టుకు అతనిని ఉరితీశారు.

కోటను నేలమట్టం చేశారు. మూగదొరనూ, అతని సోదరులనూ, దగ్గరి బంధువులనూ తిరునెల్వేలికి ఆనుకొని ఉన్న పాళయంకోటకు తరలించి, అక్కడి దుర్గంలో యుద్ధఖైదీలుగా బంధించారు.

చెరలో ఆయన సుమారు పదహారు నెలలు గడిపాడు. కాళ్ళకు సంకెళ్ళు. వాకిట తుపాకులు పట్టిన కావలివాళ్ళు. బయట ఏమి జరుగుతున్నదో వచ్చినవారి మాటలను బట్టి ఊహించుకోవలసిందే. ఊహించుకోవడానికి ఎంతో ఉన్నది కూడా. కట్టబొమ్మన మరణంతో పాళెగాళ్ళ పోరాటం ఆగలేదు. దిండిగల్ వైపు విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు ఇతరులను కూడగట్టాడు. 1800 జూన్‌లో వారు కోయంబత్తూరులోని కంపెనీ దళంపై దాడికి పూనుకొన్నారు. ఆ ప్రయత్నం విఫలమైంది. పట్టుబడిన వారిలో చాలామందిని ఉరితీశారు. శివగంగను ఏలుతున్న మరుదు సోదరులు కూడా కంపెనీపై కత్తికట్టడానికి సిద్ధమవుతున్నారు. అందరి చూపూ పాంచాలంకురిచి వైపే ఉండేది. కాని ఆ సీమ నాయకులందరూ నాలుగు గోడల నడుమ ఉన్నారు.

ఇంతలో చెరసాలలో మశూచి వ్యాపించింది. మన ఇళ్ళలో అమ్మవారు పోసిందనేవారే, ఆ జబ్బు. దాని కారణంగా ఖైదీల సంకెళ్ళను సడలించారు. జబ్బుతో ఉన్నవారు ఎక్కడికి పోగలరన్నది అధికారుల ధీమా. ఆ ధీమాయే పాంచాలంకురిచి వారికి అవకాశమైంది. కట్టెలమ్మేవారి వేషంలో కొందరు పాళయంకోటకు వచ్చారనీ, వారి మోపులలో కత్తులు దాగి ఉన్నాయనీ జనం చెప్పుకొంటారు. 1801 ఫిబ్రవరి 2వ తేదీ. కంపెనీ సేన దాదాపు ముప్పై మైళ్ళ దూరాన శంకరన్‌కోవిలులో విడిది చేసి ఉన్నది. పాళయంకోటలో మేజరు మెకాలే ఇంట దొరలూ దొరసానులూ విందులో ఉన్నారు. ఆ వేళకు ఖైదీలు కావలివాళ్ళ మీదపడి ఆయుధాలు లాగుకొన్నారు. కోట ద్వారం వద్ద ఉన్న సిపాయిలకూ అదే గతి పట్టింది. బయటపడినవారు నిలువలేదు. రాత్రంతా నడిచి, పరుగెత్తి, ముప్పై మైళ్ళ దూరంలోని పాంచాలంకురిచిని తెల్లవారేసరికి చేరుకొన్నారు. నెలల తరబడి సంకెళ్ళలో ఉండి, వారిలో కొందరు రోగం నుండి ఇంకా కోలుకోని స్థితిలో, ఆ నడక ఎట్లా నడిచారో!

అక్కడ వారికి కనిపించింది ఒక మట్టిదిబ్బ. గోడ లేదు, బురుజు లేదు. వార్త చుట్టుప్రక్కల ఊళ్ళకు ప్రాకింది. వందలూ వేలుగా జనం వచ్చారు. పారలు, గంపలు, నీటికుండలు వచ్చాయి. నేలమట్టమైన కోటను ఒక వారంలోగా తిరిగి లేపారు. ఫిబ్రవరి 9న మెకాలే తన సేనతో అక్కడికి వచ్చి చూచేసరికి, కూలగొట్టించామనుకొన్న కోట గోడలు నిలబడి ఉన్నాయి. గోడల మీద సుమారు పదిహేనువందల మంది ఆయుధాలు పట్టుకొని ఉన్నారు. ఆ చిన్న సేనతో వారిని ఎదుర్కొనడం సాధ్యం కాదని తెలుసుకొని మెకాలే పాళయంకోటకు వెనుదిరిగాడు.

మట్టికోటయే కదా అని తేలికగా తీసుకోరాదు. రాతిగోడ ఫిరంగి దెబ్బకు బీటలువారి పగులుతుంది. మట్టిగోడలో గుండు కూరుకొనిపోతుంది. గోడ చుట్టూ ముళ్ళకంప ఉండేది. బురుజులు లోపల బోలుగా ఉండేవి. శత్రువు గండి గుండా పైకి ఎక్కినా లోపల కాలు మోపడానికి చోటు ఉండదు. క్రింద నిలబడినవారు పొడవైన ఈటెలతో వారిని పొడిచేవారు.

ఈ రోజులలోనే తూత్తుకుడి రేవు కూడా పాంచాలంకురిచి వారి వశమైంది. అక్కడ కొందరు ఆంగ్లేయులు వారి చేతికి చిక్కారు. పదహారు నెలల చెర అనుభవించి, అన్నను ఉరికంబం మీద పోగొట్టుకొన్నవారు ఆ ఖైదీలను ఏమి చేస్తారు? పగ తీర్చుకొంటారని ఎవరైనా అనుకొంటారు. కాని అక్కడి సైనికాధికారికి ఏ హానీ చేయకుండా పోనిచ్చారు. రేవు అధికారి బాగట్‌ను మాత్రం పాంచాలంకురిచికి తీసుకొనిపోయారు. అతని భార్య వెనుకనే వెళ్ళి భర్తను విడువవలసిందిగా వేడుకొన్నది. కోటలోని వారు ఆమె మాట మన్నించి అతనిని విడిచిపెట్టారు. ఇది కూడా వెల్ష్ వ్రాసిన సంగతే. శత్రుపక్షం వాడు ఒప్పుకొన్నందుకే ఈ సంగతికి ఎక్కువ విలువ ఉన్నదని నాకు తోస్తుంది.

మార్చి 31న కంపెనీ సేన మరింత బలంతో వచ్చి కోటపై విరుచుకుపడింది. ఫిరంగులు గండి కొట్టాయి. సైనికులు గండిలోకి ఎక్కారు. ఎక్కినవాడు ఎక్కినట్లే కూలిపోయాడు. ఆ రోజు కంపెనీ పక్షాన చనిపోయినవారూ గాయపడినవారూ వందల సంఖ్యలో ఉన్నారు. సేన వెనుకకు తగ్గి, అదనపు బలగాల కోసం కబురు పంపి, కోట ఎదుటనే విడిది చేసి కూర్చున్నది. కర్నల్ ఆగ్నూ క్రొత్త దళాలతో, పెద్ద ఫిరంగులతో వచ్చేవరకు దాదాపు ఎనిమిది వారాలు గడిచాయి.

మే 24న తుదిదాడి జరిగింది. ఈసారి గండి బాగా పెద్దదయింది. లోపలివారు చివరి నిమిషం వరకు పోరాడారు. ఇక నిలువలేమని తెలిసిన తరువాత మిగిలినవారు ఒక్క మూకగా కోట వెలుపలికి వచ్చి, శత్రువుల గుర్రపు దళాన్ని చీల్చుకొంటూ బయలుదేరారు. ఆ బయలులో ఎందరో నేలకూలారు. మూగదొర కూడా గాయాలతో పడిపోయాడు.

ఆ సాయంకాలం ప్రక్క ఊరి నుండి కొందరు ఆడవాళ్ళు తమవారి శవాలను వెదుక్కొంటూ అక్కడికి వచ్చారు. వారిలో ఒక ముసలమ్మ తన కొడుకును గుర్తుపట్టింది. కొడుకులో ఇంకా ప్రాణమున్నది. ఆమె అతనిని లేవనెత్తబోయింది. అతడు తల్లిని వారించాడు. తన సంగతి వదలివేయమన్నాడు. ప్రక్కనే స్వామి గాయపడి పడి ఉన్నాడనీ, ముందు ఆయనను కాపాడమనీ కోరాడు. ఆ తల్లి కన్నకొడుకును అక్కడే విడిచిపెట్టి, తోడి స్త్రీల సాయంతో మూగదొరను ఎత్తుకొని ఇంటికి చేర్చింది. ఆ తల్లి పేరు ఎవరూ వ్రాసి పెట్టలేదు. ఆ కొడుకు పేరు కూడా అంతే.

కొంతసేపటికి ఎట్టయపురం పాళెగాని మనుషులు పారిపోయినవారిని వెదుకుతూ ఆ ఊరికి వచ్చారు. వారు కంపెనీ పక్షం వారు. మూగదొరను పట్టి ఇస్తే బహుమానం దొరుకుతుంది. ఆడవాళ్ళు ఆయన మీద ముసుగు కప్పి, చుట్టూ కూర్చొని గొల్లున ఏడవసాగారు. అమ్మవారు పోసి మనిషి పోయాడని వచ్చినవారితో చెప్పారు. మశూచి పేరు వింటే ఆ కాలంలో ఎంతటి శూరుడైనా గడప దాటడు. వచ్చినవారు ముసుగు తీసి చూడకుండానే వెళ్ళిపోయారు. పాళయంకోటలో సంకెళ్ళు సడలడానికి కారణమైన రోగమే ఇక్కడ రెండవసారి ఆయన ప్రాణం కాపాడింది.

ఎట్టయపురం నాయకులు కూడా తెలుగువారే. పాంచాలంకురిచికీ ఎట్టయపురానికీ నడుమ ఎల్లల తగవులు చాలాకాలంగా ఉన్నాయి. ఒకే భాష మాట్లాడేవారు రెండు పక్షాల నిలిచి పోరాడారు. మరోప్రక్క మూగదొర కోసం ప్రాణాలిచ్చినవారిలోనూ, ఆయనకు ఆశ్రయమిచ్చినవారిలోనూ తమిళులు ఎందరో ఉన్నారు. ఈ యుద్ధాన్ని తెలుగువారి యుద్ధమనో తమిళుల యుద్ధమనో పంచిపెట్టడానికి ప్రయత్నిస్తే లెక్క కుదరదు.

గాయాలు మానుతూ ఉండగా ఆయన ఉత్తరంగా శివగంగ సీమకు సాగిపోయాడు. మరుదు సోదరులలో చిన్నవాడైన చిన్నమరుదు ఆయనను ఆదరించి తన ఊరు సిరువయలుకు తీసుకొనిపోయాడు. మూగదొరను అప్పగించమని కంపెనీ అడిగింది. మరుదు సోదరులు అప్పగించలేదు. పుదుక్కోట రాజు కట్టబొమ్మనను అప్పగించి రెండేళ్ళు కూడా కాలేదు. అప్పగించకపోతే ఏమవుతుందో వారికి బాగా తెలుసు. 1801 జూన్‌లో చిన్నమరుదు అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఏకమై కంపెనీని వెళ్ళగొట్టాలని ప్రకటన వ్రాయించి తిరుచిరాపల్లి కోట గోడకూ, శ్రీరంగం ఆలయం గోడకూ అంటింపజేశాడు.

అప్పటినుండి యుద్ధం శివగంగ అడవులలోకి మారింది. కాళైయార్‌కోవిల్ చుట్టూ దట్టమైన అడవి. కంపెనీ సేన సిరువయలు నుండి చెట్లు నరుకుతూ దారి చేసుకొంటూ నెలరోజులు ముందుకు సాగింది. పగలు నరికిన దారిలోనే దాడులు ఎదురయ్యేవి. చివరకు ఆ ప్రయత్నం మానుకొని వేరు దారులు వెదికింది. అక్టోబరు 1న కాళైయార్‌కోవిల్ పడిపోయింది. మరుదు సోదరులు కొద్ది రోజులలోనే పట్టుబడ్డారు. అక్టోబరు 24న తిరుప్పత్తూరులో వారిని ఉరితీశారు.

మూగదొర తన వెంట మిగిలిన కొద్దిమందితో పడమరగా దిండిగల్ కొండల వైపు తప్పించుకొన్నాడు. ఒకప్పుడు గోపాల నాయకుడు ఏలిన విరూపాక్షి సీమ అది. అక్కడ తనకు అండ దొరుకుతుందని ఆయన ఆశ. అయితే అప్పటికే విరూపాక్షి కంపెనీ చేతికి చిక్కింది. కొండలలో దాగి కొంతకాలం పోరాడిన తరువాత వత్తలగుండు ప్రాంతంలో ఆయన పట్టుబడ్డాడు.

రెండవసారి ఆయనను చెరలో ఎక్కువ కాలం ఉంచలేదు. 1801 నవంబరు 16న, తాను వారంలోగా తిరిగి లేపిన కోట చెంతనే, పాంచాలంకురిచిలో, ఆయనను ఉరితీశారు. ఆయనతోపాటు ఆ వంశంలోని సెవత్తయ్య కూడా ఉరికంబమెక్కాడు. మిగిలినవారిలో డెబ్బైమందికి పైగా మనుషులను 1802లో ఓడకెక్కించి మలయా తీరంలోని పినాంగు దీవికి పంపివేశారు. వారిలో చిన్నమరుదు కొడుకు దురైస్వామి చిన్నవాడు. 1818లో వెల్ష్ పినాంగుకు వెళ్ళినప్పుడు ముసలివానివలె కనిపించే ఒక మనిషి అతని ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎవరో వెల్ష్ గుర్తుపట్టలేకపోయాడు. ఆ మనిషి దురైస్వామి.

పాంచాలంకురిచి కోటను మరల కూలగొట్టారు. ఈసారి ఆ నేలను దున్నించి ఆముదాలు చల్లించారని అంటారు. ఊరి పేరును కూడా ప్రభుత్వ రికార్డులనుండి తొలగించాలని ఆజ్ఞలు పుట్టాయి. కాని పేరు పోలేదు. 1974లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ ఒక స్మారక కోట కట్టించింది. జక్కమ్మ గుడి ఉన్నది. కోటకు కొద్ది దూరాన, 1801 ముట్టడిలో చనిపోయిన ఆంగ్ల సైనికుల సమాధులు కూడా ఉన్నాయి.